చిన్నబ్బ ముఖం

పాకాల స్టేషన్ వీధిలో స్టూడియో మూతపడ్డాక మునిరత్నం సామానంతా ఇంటికి తెచ్చుకున్నాడు. స్నానాలగదికి నల్లగుడ్డ కట్టి, ఎర్రబల్బు పెట్టి, అడిగినవాళ్లకు ఇప్పటికీ నలుపు తెలుపు ఫోటోలు కడిగి ఇస్తాడు. అడిగేవాళ్లే తక్కువ. మందు సీసాల మీద పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. మూత తీసి వాసన చూస్తే ఏది ఏదో తెలిసిపోయేది. కరోనా వచ్చి ఆ వాసన పట్టుకుపోయింది. భార్య ఆనందమ్మ అడిగితే మాత్రం "వస్తా ఉండాదిలే" అంటాడు. ఉన్న ఒక్క పనీ పోతుందని భయం.

ఒకనాడు దేవకమ్మ ఫోటో పట్టుకొచ్చింది. ఆమె భర్త చిన్నబ్బ గ్రానైట్ క్వారీలో రాయి మీదపడి చనిపోయాడు. "వాడెవడో మాకు తెలీదు" అన్నాడు యజమాని. అంతే, పరిహారం లేదు, కేసు లేదు. కూలివాడు చస్తే, బతికినట్టు కూడా వాడి పెళ్లామే రుజువు చెయ్యాలి. చిన్నబ్బ జాతరలో తీయించుకున్న ఆ ఫోటో ఒక్కటే మిగిలింది. అదీ పాలిపోతోంది.

"ఇంగ కొన్నాళ్లుంటే మొగమే కనపడదన్నా."

"గోధుమరంగు ఎక్కిస్తా సెల్లెలా. మనం పోయినా అది పోదు."

"ముందు సెల్లులో ఒకటి తీసి పెట్టుకోయ్యా" అంది ఆనందమ్మ.

"నీ పెండ్లిసూపుల ఫోటో కడిగింది నేనే గదమే! అంత బాగా కడిగి నేనే మోసపోయినా. నాకు సెప్తావా?"

ముగ్గురూ నవ్వారు.

ఫోటోను బ్లీచ్‌లో వేశాడు. చిన్నబ్బ తలపాగా, మీసం, కళ్లు వెలిసిపోయి లేత పసుపు నీడ మిగిలింది. దేవకమ్మ నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది.

"బయపడొద్దు. ఇట్ట పోయి, సల్ఫైడ్‌లో ఏస్తే అట్ట వస్తాడు."

కాగితాన్ని నీళ్లలో జాడించి, సీసాలోది రెండో తొట్టిలో పోసి, అందులోకి జార్చాడు. చిన్నబ్బ రాలేదు. ఉన్న నీడ కూడా కరిగిపోయింది.

"ఏమయ్యా, ఎప్పుడూ కుళ్లిన గుడ్ల కంపు కొట్టేది, ఈపొద్దు ఏమీ లేదే?" అంది ఆనందమ్మ.

మునిరత్నం సీసా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఆమెకు అందించాడు. ఆమె వాసన చూసింది.

"ఇది హైపో గదయ్యా!"

బ్లీచ్‌లో వెలిసిన బొమ్మను హైపో పూర్తిగా తినేస్తుంది. ఇక ఏ మందూ దాన్ని తిరిగి తేలేదు. మునిరత్నం గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"ఇంగాసేపు నాననిస్తే వస్తాడా అన్నా?"



దేవకమ్మ పీట లాక్కుని తొట్టి పక్కన కూర్చుంది. "నాకేం తొందర లేదులే. రానీ."