కెంచడి మీద వచ్చిన ఫిర్యాదు

1944 వేసవిలో నన్ను బెంగళూరు పశువుల ఆసుపత్రికి ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. పైన అసిస్టెంటు సర్జను, కింద కాంపౌండరు, మధ్యలో నేను. యుద్ధకాలం. పెట్రోలు దొరక్క ఊరు జట్కాల మీద నడుస్తోంది కనుక మా వైద్యం ముఖ్యంగా గుర్రాలకు, ఆ తర్వాత ఎద్దులకు. పిల్లులు మా దాకా వచ్చేవి కావు. మా మీద వాటికి ఏ అభిప్రాయం ఉండేదో నాకు తెలియదు.

అలాంటి రోజుల్లో, చిక్కపేటలో ఒక చీరల గోడౌనులోని పిల్లి మీద ఆరోగ్యశాఖ నుంచి కాగితం వచ్చింది. ఇక్కడ మా పద్ధతి కొంచెం చెప్పాలి. జబ్బుపడిన జంతువుకు కేసు షీటు తెరిచేవాళ్ళం; జ్వరం, నాడి, మేత, మూత్రం అన్నీ అందులో రాయాలి. నలుగురికీ ఇబ్బంది కలిగించే జంతువుకు న్యూసెన్సు ఫారం ఉండేది. స్థలం, దుర్వాసన, యజమాని పేరు, తీసుకోదగిన చర్య. జంతువు ఒంటిని గురించి అందులో ఒక్క గడి కూడా లేదు. కెంచడు ఈ రెండో రకం కాగితం మీద వచ్చాడు.

కెంచడంటే ఎర్రటి గండుపిల్లి. ప్లేగు భయానికి, ఎలుకల కోసం పెంచుతున్నారు. గోడౌను మునిరత్నంశెట్టిగారిది, పిల్లిని సాకేది ఆయన అక్క నాగమ్మగారు. గోడౌనుకు తాళం వేస్తే పిల్లి బయటికి పోలేదు కనుక, లోపలే ఒక చెక్కపెట్టెలో పొయ్యిబూడిద పోసి పెట్టేవారు. నాలుగేళ్ళు అందులోనే పోసిన జంతువు, కొన్ని వారాలుగా పెట్టె మానేసి మెట్ల మీద, పరుపు మీద, చివరికి చీరల మూటల మీద తడుపుతోంది. అవి పెళ్ళిళ్ళ చీరలు. పిల్లి వాసన వేసే చీరను పెళ్ళికూతురికి ఎవరూ కొనరు.

"ఎత్తించేయండి సామీ" అన్నారు శెట్టిగారు, నేను గోడౌనులో అడుగుపెట్టగానే. ఎత్తించడమంటే కుక్కల బండికి అప్పగించడం. ఆ బండెక్కిన జంతువు తిరిగి వచ్చిన దాఖలా లేదు.

"ఎత్తించేకి వాడేమన్నా చీరల మూటనా?" అన్నారు నాగమ్మగారు. నావైపు తిరిగి, "వాడు పెట్టెలో కూకోని ఏడుస్తా ఉండాడప్పా. సుమ్నే, ఊరికే తడిపేవాడు కాదు" అన్నారు.

"నీ చేతి పాలు తాగి తాగి వానికి దొరతనం వచ్చుండాదిలే అక్కా. దొరలకి బూడిద పనికొస్తుందా?"

నేను నవ్వాను.

పెట్టె దగ్గర వంగి వాసన చూస్తే సంగతి తెలిసిపోయిందనుకున్నాను. ప్లేగు జాగ్రత్త కింద పెట్టెను రోజూ ఫినాయిలుతో కడుగుతున్నారు. పైగా అది వాకిలి పక్కనే ఉంది, తోపుడుబండ్ల చప్పుడు. ఫినాయిలు మానండి, వేడినీళ్ళతో కడగండి, కొత్త బూడిద పోసి పెట్టెను మూలకు జరపండి అని చెప్పాను. ఫారంలో "పది దినములలో మార్పు రానిచో జంతువును తొలగించవలెను" అని రాసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రం ఈ కేసును కాంపౌండరుకు రెండుసార్లు వివరించాను. రెండోసారి అతను అడగలేదు.

పదో రోజు, కుక్కల బండివాణ్ణి వీధి మొదట్లో ఆపి లోపలికి వెళ్ళాను. శెట్టిగారు ఎదురొచ్చారు. "బండి వద్దులెండి సామీ. వానికి బుద్ధి వచ్చుండాది. నిన్నటినుంచి ఒక్క తావున గూడా తడపలేదు."

నేను ఫారం తీసి "ఫిర్యాదు నివారణ అయినది" అని రాశాను. నాగమ్మగారు పిల్లిని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నారు.

"పెట్టెలో గూడా పోయలేదప్పా" అన్నారు. "నీళ్ళు గూడా ముట్టలేదు. ఒకతూరి చూడు."

అప్పుడు మొదటిసారి కెంచడి పొట్ట మీద చెయ్యి వేశాను. మూత్రాశయం నిమ్మకాయంత ఉబ్బి గట్టిగా తగిలింది. ఇసుకలాంటి పదార్థం మూత్రనాళంలో అడ్డుపడితే అలా అవుతుంది. గండుపిల్లికి ఆ నాళం మరీ సన్నం. అడ్డు పూర్తిగా పడకముందు చుక్కచుక్కగా, నొప్పితో పోస్తుంది. నొప్పి పుట్టిన పెట్టెను వదిలేసి ఇంకో చోటు వెతుక్కుంటుంది. ఇదంతా నేను కాలేజీలో చదివి, పరీక్షలో రాసిందే.

జట్కాలో ఆసుపత్రికి తెచ్చాం. మా దగ్గరున్న గొట్టాలన్నీ గుర్రాల కొలతవి. అసిస్టెంటు సర్జనుగారు కంటి ఆసుపత్రికి మనిషిని పంపి, కన్నీటి నాళానికి వాడే సన్నని గొట్టం తెప్పించారు. అడ్డు తొలగింది. నెత్తురు, ఇసుక, మూత్రం వచ్చాయి. అప్పటికే నిలిచిన మూత్రం విషమై ఒంటికెక్కింది. మర్నాడు పొద్దున కెంచడు చనిపోయాడు.

నాగమ్మగారు ఒక్కటే అడిగారు. "మొదటి దినమే చూసుంటే బతికేవాడా అప్పా?"

బతికేవాడేమో అన్నాను. ఆ 'ఏమో' కూడా నా తరఫున నేను చేర్చుకున్నదే. ఆమె తల ఊపి, పిల్లిని పాత చీరముక్కలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఫారం కొట్టేసి తిరగరాయమంటారా అని సర్జనుగారిని అడిగాను. ఆయన చదివి, రాసినదాంట్లో తప్పేమీ లేదనీ, ఫిర్యాదు నిజంగానే నివారణ అయిందనీ చెప్పి ఫైలులో పెట్టేశారు. ఆయన మందలించి ఉంటే కొంత తేలికగా ఉండేది.

పెట్టె మానేసిన పిల్లిని, అందులోనూ గండుపిల్లిని, మొదట రోగిగా చూడాలి. బూడిద, ఫినాయిలు, తోపుడుబండ్ల సంగతి ఆ తర్వాత. మిగిలిన సర్వీసంతా ఏ కాగితం వచ్చినా ముందు జంతువును పరీక్షించి, ఆ తర్వాతే కలం తీశాను.