దబ్బనం పరుపు

పరుపులు కుట్టేవాడికి పడుకోవడానికి పరుపు లేదంటే నవ్వకండి. మన దబ్బనానికి ఆ గతే పట్టింది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు, పొద్దస్తమానం దబ్బనం పట్టుకుని పరుపులు కుడుతుంటాడు గనక ఆ పేరు స్థిరపడిపోయింది. తన కోసం ఒకే ఒక్కటి కుట్టుకున్నాడు, మంచి దూది ఏరి ఏరి కూరి. దాని మీద వాలిన దోమ కుట్టడం మానేసి నిద్రపోతుందని అతను ప్రమాణం చేసి చెబుతాడు.

అలాంటి పరుపును అక్క ఆక్రమించింది. ఆవిడ కారు నడపడం నేర్పే మనిషి. గొంతు విప్పితే పక్కవీధిలో బళ్ళు కూడా ఆగిపోతాయి. మొగుడు గడియారాలు బాగుచేస్తాడు, చీమకు కూడా అడ్డు రాడు. అంత మెతక మనిషీ ఓ విందులో, నవ్వులాటకి, ఆవిడ గురకను ఫోనులో అందరికీ వినిపించాడు. మర్నాడే ఆవిడ పెట్టె సర్దుకుని తమ్ముడి రెండు గదుల ఇంటికి వచ్చేసింది. నెల తిరిగింది. దబ్బనం వంటింట్లో గ్యాస్ సిలిండరు పక్కన చాప మీద పడుకుని గోడ అవతలి గురక వింటున్నాడు. ఓసారి కింది వాటా ఆయన తలుపు తట్టి, "మోటారు కట్టెయ్యండి బాబూ, ట్యాంకు పొంగిపోతుంది" అన్నాడు కూడా.

గొడవకు ముందే ముగ్గురూ అడవిలో జరిగే నాలుగు రోజుల సాహస పందేనికి పేర్లిచ్చి ఉన్నారు. కొంత నడక, కొంత సైకిలు, కొంత పడవ. దారి చెప్పేవాళ్ళుండరు, పటమూ దిక్సూచీ చేతిలో పెడతారు. జట్టంతా ఒకరి కేక ఒకరికి వినపడే దూరంలోనే ఉండాలి, చివరి గీత కలిసే దాటాలి. మానేద్దామని మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఉంది. కానీ ముందు మానేసినవాళ్ళు ఓడిపోయినట్టేగా! దబ్బనం మటుకు లోలోపల గంతులేశాడు. అడవిలో వీళ్ళు రాజీ పడితే తన పరుపు తనకొస్తుంది.

ఎక్కడి రాజీ! బావ చేతిలో పటం, అక్క చేతిలో దిక్సూచి, నడుమ దబ్బనం.

"ఒరేయ్, ఉత్తరం ఆ గుట్ట వైపని ఆయనకు చెప్పు."

"బావా, ఉత్తరం..."

"వినపడింది బావమరిదీ. ఆ గుట్ట మనకు కుడివైపు ఉండాలని మీ అక్కతో చెప్పు."

"నాకూ చెవుడు లేదని చెప్పరా!"

మూరెడు దూరంలో ఉన్న ఇద్దరికి కబుర్లు మోసి మోసి, రెండోరోజు మధ్యాహ్నానికి దబ్బనం విసిగిపోయాడు. పడవెక్కే ముందు మెడ పట్టుకుని, గొంతు పోయిందని సైగ చేశాడు. ఇక చచ్చినట్టు మాట్లాడుకుంటారని అతని ఎత్తు.

వాళ్ళేమైనా తక్కువవాళ్ళా? అక్క చేతిలో తెడ్డును పలకరించింది. "ఏమే తెడ్డూ, కొంతమందికి కుడీ ఎడమా తెలియవని చెప్పవే."

బావ ఒళ్ళో సంచిని నిమిరాడు. "చూశావా సంచీ, నీకున్న ఓర్పు అందరికీ ఉండదు."

ఎదురుగా ఏనుగంత బండ. ముందు చూసింది దబ్బనమే. నోరు తెరిస్తే ఎత్తు పోతుంది, తెరవకపోతే పడవ పోతుంది. పరుపును తలుచుకున్నాడు. పళ్ళు బిగించి వేలు మటుకు చూపించాడు.

"బ్రేకండీ! బ్రేకు తొక్కండి!" అని అక్క గావుకేక.

"పడవకు బ్రేకెక్కడిదే!" అని బావ.

పడవ బోల్తా. అదృష్టం, నీళ్ళు నడుము లోతే. తడిసిన కోళ్ళలా ముగ్గురూ ఒడ్డెక్కారు. బావ నడుం పట్టుకుని మూలిగాడు.

"మీరిద్దరూ మాట్లాడుకున్నారు!" అన్నాడు దబ్బనం, పట్టలేని సంతోషంతో.

"గొంతు ఎప్పుడొచ్చిందిరా నీకు?" అని ఇద్దరూ ఒక్కసారే అతని మీద విరుచుకుపడ్డారు. నెలరోజుల్లో వాళ్ళిద్దరూ ఒకే మాట మీదికి రావడం అదే మొదలు.

బట్టలారేదాకా రాళ్ళ మీద చేరగిలబడ్డారు. అక్కకు కునుకు పట్టింది. గురక మొదలైంది. ఉరుములనుకుని పక్షులు గూళ్ళకు మళ్ళాయి. బావ మాత్రం ఆవిడ పక్కనే ఒరిగి, పసిపిల్లాడిలా నిద్రపోయాడు. లేచాక తల వంచుకుని అన్నాడు, "కన్ను మూతపడి నెల్లాళ్ళయిందే. దుకాణంలో గడియారాలన్నీ ఇంటికి తెచ్చి చుట్టూ పెట్టుకున్నా. ఆ చప్పుడు చాల్లేదు."

"ఫోనులో ఉందిగా, పెట్టుకోలేకపోయారా?"

"నువ్వు వెళ్ళిన రోజే తీసేశాను."

అక్క తడి జడ పిండుకుని, దిక్సూచి ఆయన చేతిలో పెట్టి, పటం తను లాక్కుంది.

అందరికన్నా ఆఖరున గీత దాటారు. దబ్బనానికి అదేం పట్టలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి బయటికి వచ్చేసరికి గుమ్మంలో అక్క పెట్టె సర్ది ఉంది. ఆనందంతో అతనికి కళ్ళు చెమర్చాయి. గదిలోకి పరుగెత్తాడు. మంచం చెక్కలు బయటపెట్టుకుని బోసిగా నవ్వుతోంది.

కింద, కారు మీద అక్క పరుపు చుట్టి కడుతోంది.

"మీ బావకు నడుం పట్టేసిందిరా. ఆయన నిద్రపోవాలంటే నా గురకా, నీ పరుపూ రెండూ ఉండాలట. నీకేం, ఇంకోటి కుట్టుకుంటావు."

"ఏం బావమరిదీ, మాట్లాడవేం? మళ్ళీ గొంతు పోయిందా?" అన్నాడు బావ కారులోంచి.

అక్క వేసిన ముడి వదులుగా ఉంది. దారిలో జారిపోతుందేమోనని దబ్బనం దాన్ని విప్పి, గట్టిగా తనే వేశాడు.

పైకొచ్చి, మంచం చెక్కల మీద చాప పరుచుకుని పడుకున్నాడు. ఇల్లంతా చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. చివరికి లేచి వెళ్ళి నీళ్ళ మోటారు వేసొచ్చాడు.