మూత వేశాక మిగిలినవి

మా మామయ్య ఏ యంత్రాన్ని విప్పి మళ్ళీ బిగించినా చివర్లో కొన్ని ముక్కలు మిగిలిపోతాయి. అందులో వింతేమీ లేదు, యంత్రాలు విప్పే మగవాళ్ళందరికీ మిగులుతాయి. వింతల్లా ఆ ముక్కలు లేకుండానే యంత్రం శుభ్రంగా పనిచెయ్యడం.

అందుకే చుట్టాలంతా ఆయన్ని మిగులు మామయ్య అంటారు. ఎదురుగా అనరు, ఆయన అవతలి గదిలోకి వెళ్ళాక అంటారు. ఆయనకి తెలుసు. పైగా గర్వం కూడా. మిగిలిన ముక్కలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకుని, ఎవరైనా ఇంటికొస్తే తీసి చూపిస్తాడు.

మొట్టమొదట మిగిలింది గోడ గడియారంలోంచి రెండు పళ్ళ చక్రాలు. అవి లేకుండానే మూత బిగించి మేకుకి తగిలించాడు. గడియారం నడిచింది. నడవడమే కాదు, అంతవరకూ రోజూ పది నిమిషాలు ఆలస్యంగా ఉండేది కాస్తా టంచనుగా టైము చూపించడం మొదలుపెట్టింది. అత్తయ్యకి ఒళ్ళు మండిపోయింది. ఆ పది నిమిషాలు మనసులో కలుపుకునే ఆవిడ ఇరవై ఏళ్ళుగా సంసారం చేస్తోంది.

"ఇప్పుడు నాకు టైమెంతో తెలిసి చావట్లేదు. పాతలా చెయ్యండి" అంది.

"చెయ్యాలంటే ఆ రెండు చక్రాలూ ఎక్కడివో తెలియాలి కదే!" అన్నాడు మామయ్య.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఒక దీర్ఘం తగ్గినా, ఒక కామా ఎక్కువైనా పట్టుకోవడం నా ఉద్యోగం. ఉన్న ప్రతిదీ అక్కడ ఉండాలి కాబట్టే ఉంది అని నమ్మి బతికే మనిషిని. అలాంటి నాకు మేనమామగా ఈయన దొరకడం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

మామయ్యది నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం. రిటైరైన రోజు తోటివాళ్ళంతా కలిసి కొత్త కంప్యూటర్ బహుమతిగా ఇచ్చారు. వీధివైపు కిటికీ దగ్గర బల్ల వేసి, మెళ్ళో పూలదండ తీసి కంప్యూటర్‌కి వేసి, మర్నాడు పొద్దున్నే మూత విప్పాడు. అప్పటినుంచి గడియారాలూ ఫ్యాన్లూ ఊపిరి పీల్చుకున్నాయి, వీధిలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ మూడింది.

ఆయన వైద్యం ఏ పుస్తకంలోనూ ఉండదు. మెమరీ ముక్క బయటికి లాగి, పెన్సిలు రబ్బరుతో దాని పళ్ళు తోముతాడు. కీబోర్డుని సబ్బు పెట్టి కుళాయి కింద కడిగి, చొక్కాల పక్కన దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తాడు. ఒకసారి నేను మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తలుపు తీస్తే పాల ప్యాకెట్ పక్కన ప్లాస్టిక్ సంచీలో చుట్టిన హార్డ్ డిస్కు కనబడింది.

"ఇదేమిటి మామయ్యా!"

"ఎదురింటి టైపమ్మగారిది. దానికి కాస్త చల్లబడాలి."

"చల్లబడితే?"

"చల్లబడితే మాట వింటుంది."

వింది! అదే నా బాధ. దండెం మీద ఆరిన కీబోర్డు పలికింది, ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కు తిరిగింది. చదువుకున్నవాళ్ళు ముట్టుకోవడానికి భయపడే వస్తువుల్ని ఈయన బట్టలు ఉతికినట్టు ఉతుకుతుంటే, అవి చక్కగా పనిచేస్తున్నాయి.

టైపమ్మగారంటే మామయ్యావాళ్ళ ఎదురింటావిడ. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరై, ఇంట్లోనే మా ప్రెస్సుకి పుస్తకాలు కంపోజ్ చేస్తుంది. ఆవిడ కంప్యూటర్ మామయ్యదానికంటే చాలా పాతది. దాన్ని మార్చడానికి లేదు. ఆవిడ వేళ్ళకి అలవాటైన టైపు ప్రోగ్రాం నడవాలంటే, వెనక వేలెడంత తాళం ముక్క ఒకటి గుచ్చాలి. ఆ తాళం గుచ్చే చోటు కొత్త మెషీన్లకి ఉండదు. అది లేకపోతే ప్రోగ్రాం లేదు, ప్రోగ్రాం లేకపోతే ఆవిడ పనీ లేదు.

ఇంకో చిక్కు, ఎవరి దగ్గరా గుండుసూది కూడా ఊరికే పుచ్చుకోని మనిషి ఆవిడ. ఒకసారి జోరువానలో అత్తయ్య గొడుగు ఇవ్వబోతే, "ఎందుకమ్మా, దగ్గరేగా" అని మూడు వీధులు తడుస్తూ వెళ్ళింది. మామయ్యని మాత్రం గురువారం గురువారం వచ్చి మెషీన్‌కి దుమ్ము దులపనిచ్చేది. అది కూడా బదులుకే. వీధి దీపాల మీద ఆయన మునిసిపాలిటీకి రాసే ఫిర్యాదులు ఆవిడ టైపు చేసిపెట్టాలి, అదీ ఒప్పందం.

దుమ్ము దులపడానికి వెళ్ళిన మామయ్య, వచ్చేటప్పుడు చేతిసంచీలో ఏదో ఒకటి మిగుల్చుకుని వచ్చేవాడు. ఒక గురువారం మెమరీ ముక్క తెచ్చి డబ్బాలో వేశాడు.

"ఇది మెమరీ కదా మామయ్యా! ఇది లేకపోతే మెషీన్ నడవదు."

"నడుస్తోంది. వెళ్ళి చూసుకో."

వెళ్ళి చూశాను. నడుస్తోంది. మునుపటికంటే హుషారుగా నడుస్తోంది. తిరిగొచ్చి, "ఎలా?" అన్నాను.

"పాత మెషీన్లమ్మాయ్. అలవాటు మీద నడుస్తాయి."

ఇంకో గురువారం ఫ్యాను మిగిలింది. "ఫ్యాను లేకపోతే కాలిపోదూ?" అన్నాను. "అలవాటు పడిపోయింది" అన్నాడు. ఆ తరవాత ఏకంగా ఫ్రిజ్‌లో పడుకున్న ఆ డిస్కే వచ్చి డబ్బాలో పడింది. నేను కుర్చీలో కూలబడ్డాను. "మామయ్యా, పుస్తకాలన్నీ అందులోనే కదా ఉండేది! ఇప్పుడెక్కడున్నాయి?"

"మెషీన్‌లోనే ఉన్నాయి."

"మెషీన్‌లో ఎక్కడ?"

"లోపల" అన్నాడు.

పరుగెత్తుకెళ్ళి చూస్తే అన్ని పుస్తకాలూ ఉన్నాయి, నేను పట్టుకోకుండా వదిలేసిన తప్పులతో సహా. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అక్షరాలన్నీ తీసేసినా అర్థం చెడని వాక్యం ఒకటి ఎదురింట్లో తిరుగుతుంటే ఎలా సహిస్తుంది?

తమాషా ఏమిటంటే, పాతది అలా రాయిలా ఉంటే మామయ్య కొత్త కంప్యూటర్ మాత్రం మంచం పట్టింది. ఎప్పుడు వెళ్ళినా ఆయన కిటికీ దగ్గర కూర్చుని, నల్లటి తెర ముందు మౌస్ కదుపుతూ, టకటకా కొడుతూ ఉండేవాడు.

"తెర మీద ఏమీ లేదేం మామయ్యా?"

"లోడవుతోంది."

మూడు నెలలైనా లోడవుతూనే ఉంది. విప్పి విప్పి దాన్ని చంపేశాడని అందరం తేల్చేశాం. "పాపం, అంత ప్రేమగా ఇచ్చారు" అని మా అమ్మ రెండుసార్లు కళ్ళు కూడా ఒత్తుకుంది. అత్తయ్య మాత్రం ఏమీ అనేది కాదు. పక్కన కూర్చుని స్వెటర్ అల్లుకునేది.

అలా ఉండగా మొక్కల నిఘంటువు వచ్చి పడింది. వృక్షశాస్త్రం మేష్టారొకాయన ముప్పై ఏళ్ళు కూర్చుని రాసిన పుస్తకం. మా ప్రెస్సు యజమాని నన్ను పిలిచి, "శనివారానికి పేజీలు అందాయా సరే సరి. లేదంటే ఇకమీదట కంపోజింగ్ మొత్తం కొత్త యూనిట్‌కి ఇచ్చేస్తాను. ఆ పాత మెషీన్‌ని నమ్ముకుని కూర్చోలేను" అన్నాడు.

గురువారం పొద్దున, ఇంకా ముప్పై ఎనిమిది పేజీలు ఉన్నాయనగా, టైపమ్మగారి మెషీన్ ఆగిపోయింది. బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను వెళ్ళేసరికి ఆవిడ కీబోర్డు మీద గుడ్డ కప్పి కూర్చుని ఉంది.

"నాకు వచ్చింది ఈ పనొక్కటేనమ్మా" అంది మెల్లిగా. ఆవిడ పేజీలో నేను ఎర్ర సిరా వాడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అలాంటి మనిషి చెయ్యి ఆగిపోతే ఎలా?

యజమాని కంప్యూటర్ల షాపునుంచి మెకానిక్‌ని పంపించాడు. పెద్ద మీసాలు, నడుముకి స్క్రూడ్రైవర్ల బెల్టు, ఇరవై ఏళ్ళ అనుభవం. ఆయన అలా మూత మీద చెయ్యి వేశాడో లేదో, గుమ్మంలోంచి మామయ్య కేక.

"విప్పద్దు!"

నేను ఉలిక్కిపడ్డాను. విప్పద్దు అనే మాట ఆ నోట్లోంచి రావడం నా జీవితంలో అదే మొదటిసారి.

"విప్పకుండా ఎలా చూడమంటారు సార్?" అన్నాడు మెకానిక్.

"బయటినుంచి చూడు నాయనా. రెండు తట్టు. దుమ్మయి ఉంటుంది."

"ఊరుకో మామయ్యా" అని నేనే మూత విప్పించాను. మెకానిక్ లోపలికి టార్చి వేశాడు. మీసం సవరించుకున్నాడు. మళ్ళీ వేశాడు.

"ఇది పాత మెషీనన్నారు?"

"కొన్ననాటినుంచి అదే బాబూ. ఒక్క ముక్క మార్చలేదు. అన్నయ్యగారు వచ్చి దుమ్ము దులిపి వెళ్తారంతే" అంది టైపమ్మగారు గర్వంగా.

మెకానిక్ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి గొంతు తగ్గించాడు. "బోర్డు పాతదేనండీ. మెమరీ, ఫ్యాను, డిస్కు కొత్తవి. దీనితో పుట్టినవి కావు. ఎవరో ఇంకో మెషీన్‌లోంచి తెచ్చి పెట్టారు. డిస్కు మీద ఏదో చీటీ కూడా ఉంది చూడండి."

చూశాను. 'శేషజీవితం సుఖంగా గడవాలని కోరుతూ, నీటి మీటర్ల విభాగం' అని ఉంది. ఆయన మూత విప్పకుండా ఉండడని తెలిసి లోపల అంటించినట్టున్నారు.

డబ్బాలో పడినవి మిగిలిన ముక్కలు కావు. చచ్చిపోయిన ముక్కలు. వాటి చోట్లో మామయ్య బహుమతి ఒక్కో గురువారం ఒక్కో ముక్కగా వీధి దాటింది. చల్లబడిన డిస్కులోంచి పుస్తకాలు కూడా కొత్తదానిలోకి దాటాయి. అన్ని నెలలు ప్రూఫు చదివి కూడా నేను ఇంత పెద్ద అక్షరం చూసుకోలేదు!

మామయ్య నా వైపు చూశాడు. కళ్ళతోనే బతిమాలాడు. ఈ సంగతి తెలిస్తే టైపమ్మగారు అన్నీ ఊడదీసి, గుడ్డతో తుడిచి, తిరిగి పంపించేస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు.

"ఏమిటంటున్నాడమ్మా?" అంది ఆవిడ.

"దుమ్మేనట పెద్దమ్మగారూ."

మెకానిక్ నా మొహం చూశాడు, మామయ్య మొహం చూశాడు. బుద్ధిమంతుడు. "ఔనండీ. చాలా దుమ్ము" అన్నాడు. తరవాత మా ఇద్దరికీ మాత్రమే వినబడేలా, "కరెంటు అందించే డబ్బా పోయింది. ఈ రకం మా షాపులో సోమవారందాకా రాదు" అన్నాడు.

"నేను వెళ్ళి దుమ్ము తుడిచే గుడ్డ పట్టుకొస్తాను" అన్నాడు మామయ్య.

ఆయన వెంట నేనూ పరుగెత్తాను. ఇంట్లోకి వెళ్ళి, తలుపు వేసి, తన కంప్యూటర్ మూత తీసి, ఇద్దరం నోరెళ్ళబెట్టాం. లోపల కరెంటు డబ్బా ఒక మూల ఉంది. మిగతా చోటంతా ఊలు ఉండలు. ఎర్రవి, పసుపువి, రెండు సూదులు, సగం అల్లిన స్వెటర్ చెయ్యి.

"ఇదేమిటే!" అన్నాడు మామయ్య.

"ఖాళీగా ఉంది కదా అని పెట్టుకున్నాను" అంది అత్తయ్య వంటింట్లోంచి వస్తూ.

"నీకు తెలుసా?"

"ప్లగ్గు కూడా పెట్టకుండా రోజూ రెండేసి గంటలు టకటకలాడిస్తుంటే తెలియదా? నాకు టైము తెలియదు గానీ మిగతావన్నీ తెలుసు. ఆ డబ్బా తీసేటప్పుడు జాగ్రత్త, పసుపు దారం చిక్కుపడుతుంది."

మామయ్య గభగభా నాలుగు మరలు విప్పి, కరెంటు డబ్బాని పాత తువ్వాలులో చుట్టాడు.

మేం తిరిగి వెళ్ళేసరికి మెకానిక్ మంచినీళ్ళు అడిగి టైపమ్మగారిని లోపలికి పంపించాడు. ఆవిడ గ్లాసు తెచ్చేలోగా పాత డబ్బా తువ్వాలులోకి, కొత్త డబ్బా మెషీన్‌లోకి మారిపోయాయి. మూత పడింది. బటన్ నొక్కాం. ముందు చిన్న దగ్గు లాంటి చప్పుడు, తరవాత గుర్రుమని ఫ్యాను, ఆ తరవాత తెర మీద మొక్కల నిఘంటువు.

"చూశారా, నేను చెప్పలా? నా మెషీన్‌కి ఏ రోగమూ రాదు. దుమ్మే!" అంది టైపమ్మగారు. మళ్ళీ ఆవిడ వేళ్ళ కింద కీబోర్డు వడగళ్ళ వానలా మోగింది. శనివారం మధ్యాహ్నానికి పేజీలన్నీ నా బల్ల మీద ఉన్నాయి. వెతికి వెతికి ఒక్క తప్పు పట్టుకోగలిగాను, అది కూడా మేష్టారిదే. యజమాని నోరు మూసుకుని తరవాతి పుస్తకం నా చేతిలో పెట్టాడు, ఆవిడకి ఇవ్వమని.

గురువారంనాడే ఇంకొకటి జరిగింది, అది మాత్రం నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు. వీధిలోకి వచ్చాక మెకానిక్ గుప్పిట తెరిచాడు. అందులో రెండు మరలు, పచ్చటి చిన్న బిళ్ళ ఒకటి ఉన్నాయి.

"మూత వేశాక ఇవి మిగిలాయి సార్" అన్నాడు మొహం మాడ్చుకుని. "ఇరవై ఏళ్ళలో నాకెప్పుడూ ఇలా మిగల్లేదు. ఇది మీ మెషీన్‌దా?"

"కాదు" అన్నాడు మామయ్య.

"ఆవిడదా?"

"ఆవిడదైతే అది నడవకూడదు కదా!" అన్నాను నేను. ముగ్గురం ఎదురింటి వైపు చెవులు రిక్కించాం. లోపల టకటకా నడుస్తూనే ఉంది.

మామయ్య ఆ బిళ్ళని అపురూపంగా తీసుకుని జేబులో వేసుకున్నాడు. "పాత మెషీన్లు బాబూ. అలవాటు మీద నడుస్తాయి" అన్నాడు. పాపం, మెకానిక్ తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మధ్య ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. మామయ్య యథాప్రకారం కిటికీ దగ్గర కూర్చుని నల్లటి తెర ముందు టకటకలాడిస్తున్నాడు.

"ఇంకా ఎందుకు మామయ్యా ఈ నాటకం? అత్తయ్యకి తెలిసిపోయింది, నాకు తెలిసిపోయింది. అందులో ఊలు తప్ప ఏముంది?"

ఆయన తల తిప్పకుండా కళ్ళతోనే వీధి అవతలికి చూపించాడు. ఎదురింటి కిటికీలో టైపమ్మగారు. టైపు చేస్తూ చేస్తూ మధ్యమధ్య తలెత్తి ఇటు చూస్తోంది.

"నాది నడవట్లేదని తెలిస్తే ఆవిడకి అనుమానం రాదూ?" అన్నాడు.

అత్తయ్య సీపీయూ మూత ఎత్తి పసుపు ఊలు ఉండ తీసుకుంది. మళ్ళీ మూత వేసి, కిటికీలోంచి ఒకసారి తొంగి చూసింది.

"కాస్త గట్టిగా కొట్టండి" అంది. "ఆవిడ చూస్తోంది."