గోవిందప్ప ఆకాశ దూరం

బాగేపల్లిలో చెనక్కాయల వ్యాపారం చేసే గోవిందప్పకు ఒకటే జబ్బు. ఏ ఊరు ఎంత దూరమని ఎవరడిగినా విమాన దూరమే చెప్పేవాడు. పోనీ ఎన్నడైనా విమానం ఎక్కాడా అంటే అదీ లేదు.

ఈ జబ్బుతో ఎక్కువ అవస్థ పడింది ఆయన భార్య ప్రతిమ. చింతామణిలో చెల్లెలి మనవరాలి నామకరణానికి బయలుదేరుతూ ఆమె తొందరపెడితే, గాల్లో ఆరు నిమిషాల దారికి ఇంత హడావుడి ఎందుకని ఆయన తీరిగ్గా రెండో కాఫీ తాగాడు. బస్సు దిగి వాళ్ళు చేరేసరికి విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. అడుగున మిగిలిన చిత్రాన్నం తింటూ కూడా, తప్పు తనది కాదనీ, రోడ్డే వంకరగా వేశారనీ చుట్టాలకు వివరిస్తూనే ఉన్నాడు. ప్రతిమకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పక్కింటి కెంపమ్మ కూతురు సుమకు పెళ్ళిచూపులు జరిగిన రోజు ప్రతిమ ఆయన్ను మూలన కూర్చోబెట్టి, నోరు విప్పొద్దని మరీ మరీ చెప్పింది. సుమ కలబురగిలో సర్కారీ నర్సు. పిల్లవాడు అమరేష్‌కు మైసూరులో ఉద్యోగం. ఒకరికొకరు నచ్చారని ఇద్దరి ముఖాల్లోనే తెలుస్తోంది. చిక్కు వచ్చింది పిల్లవాడి మేనమామ వెంకటరామప్ప దగ్గరే. రైల్లో రాత్రంతా ప్రయాణం, పిల్ల వర్గా అయి మైసూరుకు ఎప్పుడొస్తుందో తెలియదు, మొగుడొక మూల పెండ్లాం ఒక మూల ఉంటే అదేం సంసారమని ఆయన లేవబోయాడు. సుమ తల దించుకుంది.

మూలనుంచి గోవిందప్ప గొంతు సవరించుకున్నాడు. వద్దని ప్రతిమ కళ్ళతోనే సైగ చేసింది.

"మైసూరులో విమానాశ్రయం ఉండాది, కలబురగిలో ఉండాది. నడుమ ఐదొందల అరవై కిలోమీటర్లు. గాల్లో గంటన్నర. నువ్వు చిక్కబళ్ళాపురం నుంచి బెంగళూరు ఆఫీసుకు దినామూ ఎంతసేపు పోతాండావప్పా?"

దినమూ అంతకంటే ఎక్కువే బస్సులో నిలబడి పోయే వెంకటరామప్ప మళ్ళీ కూర్చున్నాడు. సాయంత్రానికి తాంబూలాలు మార్చుకున్నారు.

ఇంటికి రాగానే ప్రతిమ నిలదీసింది. "నేరుగా విమానం ఉండాదా?"

"తెలీదు."

"మరి యాల చెప్పితివి?"

"రైలు లెక్క చెప్పేవాళ్ళు ఆడ పదిమంది ఉండారు. ఆ పిల్ల మొగం చూసినాక నాకు ఆ లెక్క చెప్పబుద్ధి కాలేదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద కోపం తెచ్చుకోవడం ప్రతిమకు చేతకాని రోజు అదొక్కటే. నిజం ఎప్పుడు బయటపడుతుందోనన్న భయం మాత్రం మిగిలింది.

పెళ్ళయ్యాక కొత్తజంట తమ ఇంటివైపే వస్తోందని తెలిసి, గోవిందప్ప మండీలో చెనక్కాయల మూటల వెనక దాక్కున్నాడు. ప్రతిమే చెయ్యి పట్టి లాక్కొచ్చింది. నేరుగా పోయే విమానం లేదన్న సంగతి పెళ్ళిచూపుల్లో కూర్చున్నప్పుడే ఫోన్‌లో చూశానని అమరేష్ నవ్వుతూ చెప్పాడు. సుమ కూడా లోపలి గదిలో చూసిందట.

"మరి చెప్పలేదేమప్పా?" అన్నాడు గోవిందప్ప.

"మీరు అంత బాగా చెప్తాంటే నడుమ మాట్లాడేది యాలని గమ్మునుంటిమి."

రైళ్ళలో తిరుగుతూ ఇద్దరూ బాగానే ఉన్నారట. కృతజ్ఞతగా ఈసారి గోవిందప్ప దంపతులిద్దరినీ బెంగళూరు నుంచి కలబురగికి విమానంలోనే తీసుకుపోతామని సుమ చెప్పింది. ప్రతిమ ముఖం వెలిగిపోయింది. గోవిందప్ప ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

"విమానం ఎందుకమ్మా," అన్నాడు మెల్లగా. "రైలయితే ఊర్లన్నీ చూసుకుంటా పోవచ్చు గదా."