ఇరవయ్యో క్వెంతలోబోస్

ఊరి పండగ రోజున, బ్యాండు మేళం వాయిస్తుండగా, అందరూ చూస్తుండగా సిందుల్ఫోని లేని మనిషిగా తేల్చేశారు.

వాల్దెకారబోలో చలికాలం నలభై రెండు మంది ఉంటారు. వేసవిలో రెండొందల మంది దిగుతారు. ఆ వేసవి జనాన్ని మెప్పించడానికి మేయరు ఫ్రుక్తువోసో ఒక పని చేయించాడు. ఊళ్ళో ఉన్న ప్రతి ఇంటిపేరునీ ఒక నీలం పింగాణీ పలక మీద రాయించి, ఆ పేరుగలవాళ్ళు స్పెయిన్ మొత్తం మీద ఎంతమంది ఉన్నారో కింద అంకె వేయించి, ఆ పలకల్ని కూడలిలోని ఫౌంటెన్ గోడకి అతికించాడు. గార్సియా పలక కింద పధ్నాలుగు లక్షల పైచిలుకు. హిమెనెస్ కింద నాలుగు లక్షలకి కాస్త తక్కువ. జనం తమ తమ అంకెల ముందు నిలబడి, ఆ లక్షల మందినీ తామే కని పెంచినట్టు ఫొటోలు దిగారు.

సిందుల్ఫో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గోడని ఎడమ నుంచి కుడికి చదివాడు. కుడి నుంచి ఎడమకి చదివాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, వంగి చదివాడు. తన ఇంటిపేరు క్వెంతలోబోస్ అన్న పలక లేదు.

"నీ ఇంటిపేరు కంప్యూటర్లో కొడితే ఏమీ రాలేదయ్యా," అన్నాడు మేయరు. "మాద్రిద్‌లో గణాంకాల ఆఫీసువాళ్ళ పట్టికలో అదసలు లేదు. లేని పేరుకి పలకెలా చేయించను?"

"అంటే నేను లేనా?"

"నువ్వున్నావు. నీ పేరు లేదు."

"మరి పొద్దున నీ తలుపుకి రెండు రొట్టెలు తగిలించి పోయిందెవరు?"

"రొట్టెలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పట్టికలో మాత్రం లేవు," అని మేయరు మైకు దగ్గరికి వెళ్ళిపోయాడు.

సిందుల్ఫోకి డెబ్బై నాలుగేళ్ళు. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ ఊరికీ చుట్టూ ఉన్న పదకొండు ఊళ్ళకీ రొట్టె కాల్చి, తెల్ల వ్యానులో తెచ్చి అమ్ముతున్నాడు. కొన్ని ఊళ్ళలో ఆయన హారన్ తప్ప వారం రోజులు వేరే చప్పుడు ఉండదు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, "తెల్లవారుజామున రెండింటికి లేచేవాణ్ణి ఎవరు భరిస్తారు" అనేవాడు. ఆయనకున్న ఒకే ఒక చెల్లెలు లియోకాదియా పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె కొడుకు ఒరెన్సియో ఒక్కడే ఆయన వెంట ఉండేవాడు.

ఒరెన్సియోకి ఇరవై ఏడు. పదహారో ఏట చదువు మానేసి, నెలకి రెండుసార్లు కొండెక్కి వచ్చే లైబ్రరీ బస్సులోని పుస్తకాలన్నీ చదివేశాడు. చదివినకొద్దీ ఊరి మీద అసహ్యం పెరిగిందే తప్ప ఊరు దాటే దారి కనబడలేదు. ఉద్యోగాలకి నూట పది దరఖాస్తులు పంపాడు. జవాబులు రెండు వచ్చాయి. అందులో ఒకటి వేరే ఒరెన్సియో గార్సియాకి రావలసింది. ఆ రెండోవాడికి ఉద్యోగం దొరికింది కూడా.

రెండ్రోజుల తర్వాత పిండి బస్తాల మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది వాడే.

"పేరు లేక కాదు మామా. ఇరవైమంది కంటే తక్కువుంటే పట్టికలో చూపించరు. ఎవరు ఎవరో జనం పోల్చేసుకుంటారని భయం."

"పోల్చుకుంటే తప్పేంట్రా? పోల్చుకోడానికేగా పేరు పెట్టేది."

"అది నువ్వు మాద్రిద్‌కి చెప్పాలి."

సిందుల్ఫో పదిహేను రోజులు ఫోను పట్టుకుని తెలిసిన ప్రతి క్వెంతలోబోస్‌నీ, వాళ్ళకి తెలిసిన ప్రతి క్వెంతలోబోస్‌నీ కదిపాడు. తనతో కలిపి పంతొమ్మిదిమంది తేలారు. కిందటేడు ఇరవైమందే. లోగ్రోన్యోలో ఉండే ఎవుతీకియా అత్త తొంభై ఏడో ఏట, మొన్న డిసెంబరు ఆఖర్లో పోయింది.

"అంత కాలం ఉన్నది, ఇంకో ఏడాది ఆగలేకపోయింది," అని ఆమె ఏదో బస్సు అందుకోలేకపోయినట్టు విసుక్కున్నాడు.

ఆ సాయంత్రం బార్‌లో నలుగురి ముందు మేయరు దగ్గర మాట తీసుకున్నాడు. జనవరి ఒకటో తేదీన బతికున్నవాళ్ళ లెక్కే పట్టికకి ఎక్కుతుంది. ఆ లెక్కలో క్వెంతలోబోస్ కనిపిస్తే పలక పెట్టిస్తానన్నాడు మేయరు. పేకముక్కలు దించకుండానే, "ఒక్కడే కదా తక్కువ, కనెయ్," అన్నాడు. బార్ అంతా నవ్వింది. ఒరెన్సియో నాన్న ఎవేలియో గార్సియా అందరికంటే గట్టిగా నవ్వాడు. బావమరిదిని ఏడిపించే అవకాశం ఆయన ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ వదల్లేదు.

కానీ సిందుల్ఫో అప్పటికే ఒకడిని చూసి పెట్టుకున్నాడు. స్పెయిన్‌లో అందరికీ రెండు ఇంటిపేర్లుంటాయి. తండ్రిది ముందు, తల్లిది వెనక. వెనకది మనవల దాకా వచ్చేసరికి రాలిపోతుంది, అంకెల్లోకి ఎక్కేది ముందున్నదే. ఒరెన్సియో పూర్తి పేరు ఒరెన్సియో గార్సియా క్వెంతలోబోస్. వాడు జిల్లా పట్నం సోరియా వెళ్ళి రిజిస్టరు ఆఫీసులో ఒక కాగితం పెట్టుకుంటే చాలు, ముందుది వెనక్కి, వెనకది ముందుకి వస్తాయి.

"నాకేం ఒరుగుతుంది?" అన్నాడు ఒరెన్సియో.

"నీ పేరు చదివినవాడు ఒక్క క్షణం ఆగుతాడు."

"ఆగి నవ్వుతాడు."

"ఆగాడుగా."

క్వెంతలోబోస్ అంటే తోడేళ్ళని లెక్కపెట్టేవాడు. మూలపురుషుడు కొండ కొమ్మున నిలబడి, మందల మీదికి వచ్చే తోడేళ్ళని లెక్కించి ఊరిని కాపాడాడని సిందుల్ఫో నమ్మకం. సెప్టెంబరు సంతలో వంశచిహ్నాలు అచ్చువేసి అమ్మేవాడి దగ్గర ఒక పటం కొన్నాడు. వాడి యంత్రంలో ఆ పేరుకి బొమ్మ లేక సింహాన్ని వేసిచ్చి, తోడేలుకి సింహం పెద్దన్నయ్య లాంటిదన్నాడు. సిందుల్ఫో ఆ సింహాన్ని వ్యాను వెనక అద్దానికి అంటించాడు.

ఆ సింహాన్ని రోజూ చూడలేక ఒరెన్సియో చర్చిలోని పాత కాగితాల పెట్టెకి తాళంచెవి సంపాదించాడు. తొమ్మిది ఊళ్ళకి ఒకే ఫాదరు కాబట్టి ఆయనకి ఎవరికి ఏ తాళం ఇచ్చాడో గుర్తుండదు. మూడు వారాలు దుమ్ము పీల్చాక, 1692 నాటి గ్రామసభ కాగితంలో వాడికి కావలసింది దొరికింది. దాన్ని వెంటనే చెప్పలేదు. మామ ఐదోసారి పేరు మార్చుకోమని అడిగేదాకా జేబులో రాయిలా దాచుకున్నాడు. అది అక్టోబరు. ఇద్దరూ వ్యానులో కాలావొర్రా వెళ్తున్నారు.

"నీ పేరు మొదలైందే దొంగలెక్కతో మామా. బార్తొలొమే అని ఒక కాపలావాడు. తోడేలు కనిపిస్తే చెప్పమని ఊరు పెట్టుకుంది. కనిపించిన ఒక్కో తోడేలుకి ఒక కుంచం రై ధాన్యం. ఆ చలికాలం వాడు చెప్పినవి పన్నెండు వందల తోడేళ్ళు. అన్నీ కాకిలెక్కలు. ఆ అడవిలో చెట్లే అన్ని లేవు. ఊరు వెక్కిరిస్తూ పెట్టిన పేరు అది."

సిందుల్ఫో గేరు మార్చి రెండు మలుపులు తిప్పాడు.

"పన్నెండు వందలా?"

"పన్నెండు వందలు."

"అన్నింటిని పుట్టించినవాడి వంశంలో పుట్టి, నాకు ఒక్కడు దొరకట్లేదు."

కాలావొర్రాలో బుర్గుందోఫోరా ఉంటుంది. సిందుల్ఫోకి వరసకి అక్క, తొంభై ఒకటి. ఆ శరత్కాలమంతా ఆయన ఆదివారాలు వ్యానేసుకుని మిగతా పద్దెనిమిదిమంది దగ్గరికీ తిరిగాడు. ఒక్కొక్కరికీ ఒక రొట్టె, ఒక ఉన్ని మఫ్లరు ఇచ్చి, జనవరి దాకా చావొద్దని చెప్పి వచ్చేవాడు. సారగోసాలో లారీ నడిపే గౌదెన్సియో దగ్గర సిగరెట్ పెట్టె లాక్కున్నాడు. స్నానాల గదిలో జారకుండా వేసే చాపలు కొనిచ్చాడు. కొందరు నవ్వారు, ఒకడు పోలీసుల్ని పిలుస్తానన్నాడు. మఫ్లరు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

వీళ్ళు వెళ్ళేసరికి బుర్గుందోఫోరా మూడో అంతస్తుకి మెట్లెక్కుతోంది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ప్రతి మెట్టుకీ రెండు పాదాలూ ఆన్చి, ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కుతోంది. మెడలో మఫ్లరు ఉంది.

"వచ్చావా పీడా," అంది సిందుల్ఫోని చూసి. "ఇదుగో, పడకుండానే ఎక్కుతున్నా."

"ఇంత నెమ్మదిగానా?" అన్నాడు ఒరెన్సియో.

"కిందటి నెలలోనే పోదామనుకున్నానయ్యా. అన్నీ సర్దుకున్నా," అని ఆగి, దమ్ము తీసుకుని, "శవపెట్టెలో వేసుకోవలసిన నల్ల గౌను కూడా ఇస్త్రీ చేయించి పెట్టా. అంతలో మీ మామ వచ్చి తిట్టిపోశాడు. సరే, రొట్టె బాగుంది కదా అని వాయిదా వేశా," అంది. తర్వాత వాణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వు లియోకాదియా కొడుకువా? కాగితం మీద ఒక సంతకం పెట్టడానికి బద్ధకిస్తున్నవాడివి నువ్వేనా? నేను రోజూ యాభై నాలుగు మెట్లు ఎక్కుతున్నానురా నీకోసం."

తిరుగు ప్రయాణంలో ఒరెన్సియో సోరియా బస్సు వేళలు వెతికాడు. సోమవారం బస్సెక్కి సోరియా వెళ్ళాడు.

"కారణం?" అని అడిగింది రిజిస్టరు ఆఫీసులోని ఆవిడ.

"ఒకరు తక్కువయ్యారు."

"ఎక్కడ?"

"స్పెయిన్‌లో."

ఆవిడ తలెత్తకుండా 'కుటుంబ కారణం' అని రాసుకుంది.

ఇంట్లో ఎవేలియో రెండ్రోజులు వేరే గదిలో తిన్నాడు. మూడో రోజు సూపు తాగుతూ అన్నాడు, "పధ్నాలుగు లక్షల్లో ఒకడు పోతే ఏమవుతుందిలే అనుకున్నావు. ఆ ఒకడు నా కొడుకురా."

"నీ కొడుకుగానే ఉన్నా నాన్నా. పేరులో వెనక నిలబడింది నువ్వు, అంతే. ఇన్నాళ్ళూ అమ్మ నిలబడలేదా?"

ఎవేలియో చెంచా కింద పెట్టాడు. తర్వాత మళ్ళీ తీసుకున్నాడు.

పేరు మారిందన్న కాగితం డిసెంబరు ఇరవై రెండున వచ్చింది. ఆ రోజు దేశమంతా టీవీల ముందు కూర్చుని పెద్ద లాటరీ అంకెలు వింటోంది. సిందుల్ఫో మాత్రం అది వినే స్థితిలో లేడు. అంతకు పది రోజుల ముందు పిండి బస్తా దించుతూ కుప్పకూలాడు. గుండె సగమే పనిచేస్తోందని డాక్టరమ్మ చెప్పింది.

"జనవరి ఒకటి చూస్తానా డాక్టరమ్మా?"

"అంత తొందరేంటి ఆ రోజుకి?"

"తొందర లేదు. తర్వాత పోయినా ఫర్వాలేదు. ముందు పోకూడదు."

మంచం దిగొద్దంది. వేయించిన పందికొవ్వు ముక్కలు ముట్టొద్దంది. డెబ్బై ఏళ్ళు వాటితోనే తెల్లవార్చిన మనిషి, ఉడకబెట్టిన తోటకూర లాంటిదేదో తింటూ గోడకేసి చూస్తూ పడుకున్నాడు. వ్యాను ఒరెన్సియో తీశాడు. "రొట్టె అదే, మొహం మాత్రం పులిసింది," అని పదకొండు ఊళ్ళ ముసలమ్మలూ అన్నారు.

జనవరి ఒకటి పొద్దున సిందుల్ఫో మంచంలోంచే పద్దెనిమిదిమందికి ఫోన్లు చేశాడు. పదిహేడుమంది ఎత్తారు. పంతొమ్మిదోవాడు ఒరెన్సియో పక్కనే కుర్చీలో ఉన్నాడు కాబట్టి వాడికి చేయక్కర్లేదు. మిగిలింది గౌదెన్సియో. వాడు ఎత్తలేదు. ఐదుసార్లు చేశాడు. ఆరోసారి, రాత్రి తాగిన షాంపేను గొంతుతో, "ఎవడ్రా," అన్నాడు. సిందుల్ఫో వాడి వంశాన్నంతా తిట్టాడు. అది తన వంశమే అన్నది కూడా లెక్కచేయలేదు.

తర్వాత పైజమా మీద కోటు తొడుక్కుని, వద్దంటున్నా వినకుండా వ్యానెక్కి, ఊరి ఐదు వీధులూ హారన్ కొడుతూ తిరిగాడు. కిటికీలు తెరుచుకున్నాయి.

"ఈరోజు రొట్టె లేదుగా సిందుల్ఫో?"

"రొట్టె లేదు. నేనున్నాను."

మేయరు ఇంటి ముందు మాత్రం రెండుసార్లు కొట్టాడు.

పట్టిక వేసవికి వచ్చింది. క్వెంతలోబోస్: ఇరవై. మేయరు మాట తప్పలేదు గానీ, పలకని గోడ అడుగున, కుక్కలు కాలెత్తే ఎత్తులో పెట్టించబోయాడు. ఖాళీ అక్కడే ఉందన్నాడు. ఒరెన్సియో నోరు తెరిచేలోపే ఎవేలియో ముందుకొచ్చాడు.

"మా పలక తీసి కింద పెట్టండి," అన్నాడు. "పధ్నాలుగు లక్షల మందిమి ఉన్నాం. ఎవడో ఒకడు వంగి చూస్తాడులే."

అది చూడ్డానికి సిందుల్ఫో లేడు. జనవరి పదకొండున పోయాడు. ముందురోజు రాత్రి, మామకి సూపు పెట్టడానికి వెళ్ళినప్పుడు ఒరెన్సియో ఆయన్ని చివరిసారి చూశాడు. ఆయన దిండు చాటున దాచుకున్న పందికొవ్వు ముక్క నములుతున్నాడు. దొరికిపోయానన్న సిగ్గేమీ లేదు.

"నేను లెక్కకెక్కాను అల్లుడూ, నాకిక సెలవు," అన్నాడు. "నీకు లేదు. వచ్చే జనవరికి మళ్ళీ పంతొమ్మిదే అవుతారు, కాబట్టి తొందరగా పెళ్ళి చేసుకో. నా మాట విని, వాళ్ళ నాన్న మీద కోపంగా ఉన్న పిల్లని చూసుకో. పిల్లలకి ఎవరి ఇంటిపేరు ముందు పెట్టాలన్న దగ్గర పేచీ రాదు."