నీళ్ల కింది మాండ్వీ

అది 2020. సూరత్‌లోని నవాగామ్‌లో మా అద్దె ఇల్లు. కరోనా లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయి వీధంతా చెవుల్లో దూది పెట్టుకున్నట్టుండేది. ఏడాది నిండని పాపను ఒళ్లో వేసుకుని, నిమిషానికోసారి దాని నుదురు తడిమి చూస్తూ, ఇంటి నుంచే పటాలు గీసేదాన్ని.

అప్పుడు వచ్చిన పని పూర్వపు మాండ్వీ పార్లమెంటు నియోజకవర్గం తొలినాటి సరిహద్దు. పునర్విభజనలో ఆ పేరు పోయి బార్డోలీ వచ్చింది. ఒక చరిత్ర పుస్తకం కోసం పాత కాగితపు పటాన్ని నేటి ఉపగ్రహ చిత్రంపై కూర్చోబెట్టాలి. దీన్ని జియోరెఫరెన్సింగ్ అంటాం. రెండింటిలోనూ ఉన్న గుర్తులు పట్టుకుని ఒకదానిపై ఒకటి సరిచేయడమే. నేను తాపీ నది మలుపులు పట్టుకున్నాను. పడమర కుదిరింది. తూర్పున పటం నలిగిన చీరలా ముడుచుకుపోయింది. అది ఉకాయ్ డ్యామ్ కట్టకముందటి పటం. ఆ మలుపులిప్పుడు జలాశయం అడుగున ఉన్నాయి.

కొండలు, రైల్వే స్టేషన్లు పట్టుకుంటే కుదిరింది. కానీ నీలం నీళ్ల మీద ఊళ్ల పేర్లు తేలాయి.

మా సూపర్‌వైజర్ స్వప్నక్క సూరత్‌లోనే పెరిగింది. ఫోన్లో నవ్వింది. "అరే పాగల్, పానీల ఊళ్లేందే? చేపలు ఓటేస్తయా? సాయంత్రంలోపు తీసెయ్."

మా కింది గదిలో అద్దెకుండే మగ్గాల కార్మికుడు రాజయ్య మామ జ్వరంతో ఒంటరిగా ఉన్నాడు. కిటికీలోంచి పలకరిస్తూ ఈ సంగతి చెప్పాను.

"ఆ డ్యామ్ పనికే నన్ను గన్న అవ్వ నన్ను సంకనేస్కొని వచ్చింది బిడ్డా. ఆడనే పోయింది. ఒడ్డుమీది ఊళ్లె మట్టి చేసినం," అని ఊరి పేరు చెప్పాడు. "జర సూడు, ఉన్నదా? నాకేమన్నయితదేమో, ఒక్కపారి సూస్త."

ఉంది. తీసెయ్యమన్న పేర్లలో అదొకటి.

స్వప్నక్కకు మళ్లీ ఫోన్ చేశాను. "ఇది పాత నియోజకవర్గం అక్కా. వాళ్లు ఓటేసిన నాడు అక్కడ నీళ్లు లేవు. ఊళ్లు కాదు, నీళ్లే తీసేద్దాం."

"మన కంపెనీ సేఠ్ గుస్సా అయితే నీ నౌకరీ పోతదే!"

పాప పాలడబ్బా గుర్తొచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు. చివరికి స్వప్నక్కే, "సరే తియ్ పో. సేఠ్‌తో నేను మాట్లాడుత," అంది.

నీలం తుడుస్తుంటే తెరమీద జలాశయం మెల్లగా ఇంకిపోయింది. సన్నటి నది బయటపడింది. ఒడ్డున ఊళ్లు ఒక్కొక్కటే ఆరి నిలబడ్డాయి. ఆ బొమ్మ మామకు పంపాను.

వెంటనే ఫోన్ వచ్చింది. "ఏందే బిడ్డా, నీళ్లన్ని ఏడబోయినయ్?"

"తీసేసిన మామా."

మామ దగ్గాడు. "ఫోన్ బంజెయ్యకు. జరసేపు అవ్వ దగ్గర కూసుంట."

మామ కోలుకున్నాడు. నా ఉద్యోగమూ నిలిచింది. ఇప్పుడు ఏ పాత సరిహద్దు గీయాల్సి వచ్చినా, గీత మొదలుపెట్టే ముందు ఆనాటి నేలను పరుస్తాను.