ఫోను మేపిన మంద

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు, పదో తరగతి లెక్కలు తప్ప. ఆ ఒక్కటీ అబ్బనందుకు బడి నన్నూ, నేను బడినీ మర్యాదగా వదిలేసుకున్నాం. ఇద్దరం సుఖపడ్డాం. ఆ తర్వాత నా చదువంతా అరచేతిలోని ఫోనులోకి వచ్చేసింది. విమానంలోంచి ఒక దీవి మీదకు దూకడం, దొరికిన తుపాకీ పుచ్చుకుని కనబడ్డవాళ్లనల్లా కాల్చి చివరిదాకా మిగలడం, ఇదీ ఆట. మా తర్లుపాడు చుట్టుపక్కల ఆ ఆట ఆడని కుర్రాడు లేడు గానీ, దాన్ని నా అంత గట్టిగా నమ్మినవాడు మాత్రం లేడు. ఆ దీవిలో ఏ ఇంటి మేడ మీద ఏ తుపాకీ ఉంటుందో, వాగు ఎక్కడ దాటాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. మా సొంత చేను ఏ పక్కనుందో మాత్రం నాయన్ని అడగాల్సి వచ్చేది. (ఒకసారి అడగడానికి నామోషీ వేసి, పొద్దంతా పక్కవాళ్ల చేలో కలుపు తీసి వచ్చాను. వాళ్లు చాలా సంతోషించారు. నాయన సంతోషించలేదు.)

మేం ముగ్గురం ఒక జట్టు. నేను కమాండర్ని, అంటే అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి. మార్కాపురంలో గాజుల దుకాణం వాళ్లబ్బాయి మా స్నైపర్. ఆటలో ఎంత దూరం నుంచైనా గురి చూసి కొట్టేవాడు, బయట మాత్రం ఎదురుగా వచ్చే బస్సు బోర్డు చదవాలంటే పక్కవాళ్లను అడిగేవాడు. మూడోవాడు మా పక్క వీధివాడు, జట్టులో డాక్టరు. దెబ్బ తిని కూలబడ్డవాణ్ణి లేపి నిలబెట్టడం ఆటలో వాడి బాధ్యత. అసలు బతుకులో వేలు తెగితే కళ్లు తిరిగి పడిపోయేవాడు, అప్పుడు మేమే వాణ్ణి లేపేవాళ్లం. ఆడగా ఆడగా మా ముగ్గురికీ ఒక నమ్మకం కుదిరిపోయింది, వ్యూహం తెలిసినవాడికి లోకంలో చేతకాని పనంటూ ఉండదని. పెళ్లి భోజనాల దగ్గర తోపులాటను కూడా ఆ కళ్లతోనే చూసేవాళ్లం. "ఎడమ పక్క కాపలా లేదు, పదండి" అని నేననగానే ముగ్గురం కూరల గిన్నెల దగ్గర తేలేవాళ్లం. ఆ వ్యూహం ఎప్పుడూ ఫలించేది. మా పొగరుకు సగం కారణం అదే.

ఇట్లా ఉండగా మా మేనమామకు ఒక కష్టం వచ్చింది. ఆయనకు గొర్రెల మంద ఉంది. కోతలైపోయాక ఎండాకాలంలో ఆ మందకు మహా గిరాకీ. రాత్రిళ్లు చేలో మంద పడుకుంటే ఆ ఎరువుకు మించింది లేదని, రైతులు ముందుగానే మాట్లాడుకుని వంతులవారీగా పిలుచుకుంటారు. ఆ ఏడు మా పెదనాయన చేనుకు వంతు వచ్చిన రోజునే బేస్తవారిపేటలో అత్త చెల్లెలి పెళ్లి పడింది. మామకు తోడుండే మనిషి జ్వరంతో మంచం దిగడం లేదు. ఆ ఒక్క పూటా మందను గుట్ట కింద మేపి, పొద్దు గూకేలోగా పెదనాయన చేలో కట్టిన కంప దొడ్డికి చేర్చే మనిషి కావాలి.

"నేనుండా గదా మామా," అన్నాను.

మామ నాయన వైపు చూశాడు. నాయన మాత్రం పడీ పడీ నవ్వాడు. "నువ్వా? మన చేనికి దోవ తెలవదు నీకు, మందెట్ల తోల్తావు రా?"

"రోజూ నూరుమందితో తలపడతాండా నాయనా. నోరులేని గొర్రెలు నాకొక లెక్కా?"

"ఆ నూరుమంది గడ్డి తింటారా రా?" అంది అమ్మ వంటింట్లోంచి.

నాయన నవ్వాపి నా చేతిలోని ఫోను వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. "సరే, పో. మంద నిండుగా దొడ్డికి చేరిందా, నీ ఫోను జోలికి ఇంక రాను, పొద్దస్తమానం ఆడుకో. ఒక్క గొర్రె తగ్గిందా, ఆ ఫోను అమ్మి మీ మామకు గొర్రెను కొనిస్తా." ఒక జీవం తప్పిపోతే నా ఫోను నాలుగు కాళ్లతో 'మే' అంటూ దొడ్లో తిరుగుతుందన్నమాట.

పెళ్లికి బయల్దేరుతూ మామ నన్ను పక్కకు పిలిచాడు. తలకు నూనె, ఒంటికి ఇస్త్రీ చొక్కా, మొహాన దిగులు. "అల్లుడా, ఒకటే మాట. నువ్వు ముందర నడువు. ద్దా ద్దా అని కూత పెట్టు. నీ ఎనకాల మేస్త్రి వస్తాడు, మేస్త్రి ఎనకాల అన్నీ వస్తాయి. నువ్వు మాత్రం ఎనక్కి తిరిగి చూడబాక. తిరిగితే అవి నిలబడిపోతాయి." మేస్త్రి అంటే మనిషి కాదు, ముసలి మేకపోతు. గొర్రెకు సొంతంగా దోవ ఎంచుకునే అలవాటు ఉండదని, ముందు నడవడానికి మందలో ఒకటి రెండు మేకల్ని కలుపుకోవడం వాళ్ల పద్ధతి. మేస్త్రికి మెడలో గంట, మూతికి గడ్డం, లోకంలో ఎవరి మీదా గౌరవం లేని చూపు. నేను "అట్లనే మామా" అని తలూపాను. మనసులో మాత్రం జాలిపడ్డాను. ముందర నడవాలట! అవతలివాడికి వీపు చూపించి నడిస్తే మా ఆటలో అరనిమిషం బతకవు. పాపం, మామకు ఇన్నేళ్ల అనుభవం ఉంది గానీ వ్యూహం లేదు అనుకున్నాను.

స్నైపర్ మార్కాపురం నుంచి ఆటోలో దిగాడు, నల్ల కళ్లద్దాలతో సహా. ముగ్గురం ఫోన్లు కలిపి, ఒకే కాల్లో ఉండి, చెవుల్లో తీగలు పెట్టుకుని మందను గుట్ట కిందకు తోలాం. నిజం చెప్పాలంటే మేం తోలలేదు. అది మేస్త్రికి రోజూ నడిచే దోవ, ఆయన పోతుంటే మేం వెంటపడ్డాం. గొర్రెలు బుద్ధిగా మేస్తున్నాయి. గుట్ట అవతల వేరే ఊరి మంద కూడా మేస్తోంది. ఇంత తేలిక పనికి మామ మొహంలో అంత దిగులెందుకో అర్థం కాక, తుమ్మచెట్టు నీడన కూర్చుని ఒక ఆట వేశాం. తర్వాత ఇంకొకటి. పొద్దు వాలేసరికి స్నైపర్ ఫోనూ డాక్టరు ఫోనూ ప్రాణాలు విడిచాయి. నాది ఎర్ర గీత దగ్గర కొట్టుకుంటోంది.

అప్పుడు నేను లేచి వ్యూహం చెప్పాను. ఎడమ నుంచి స్నైపర్, కుడి నుంచి డాక్టరు వంగి వంగి వస్తారు. నేను ఎత్తున నిలబడి నడిపిస్తాను. ఎత్తు చేజిక్కించుకున్నవాడిదే గెలుపని ఆటలో చంటిపిల్లాడిక్కూడా తెలుసు. అక్కడ ఎత్తంటే పలకల గని వాళ్లు పారబోసిన రాతి ముక్కల కుప్ప. పలకరాయి సంగతి మా వైపు పుట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు, ఒక ముక్క మీద ఇంకో ముక్క నిలవదు. ఆ చెప్పక్కర్లేని సంగతి నాకు మాత్రం తట్టలేదు. కుప్పెక్కి, చెయ్యెత్తి, "చుట్టుముట్టండి!" అని అరిచాను.

గొర్రె వైపు నుంచి ఆలోచించండి. రోజూ ముందు నడిచే మనిషి లేడు. ఇద్దరు మొగాళ్లు రెండు పక్కల నుంచి వంగి, చేతులు చాపుకుని వస్తున్నారు, మూడోవాడు ఎత్తున నిలబడి అరుస్తున్నాడు. మనిషి అట్లా వచ్చాడంటే దాని లెక్కలో ఆ రోజు ఆదివారమే. ఒక్కసారిగా మంద పగిలింది. కొన్ని వాగులోకి, కొన్ని కంపల్లోకి, కొన్ని గుట్ట అవతలికి. ఆ గందరగోళం చూసి నేనొక అడుగు ముందుకు వేశాను. కుప్పంతా నాతోపాటు బయల్దేరింది. గలగలమంటూ అది జారితే కూలబడి, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే కిందికి వచ్చాను. ప్యాంటు వెనకభాగం మాత్రం పైనే ఉండిపోయింది.

"క్యా రే కమాండర్! సగం మంద మ్యాప్ దాటి పోయింది!" అని స్నైపర్ నుదురు కొట్టుకున్నాడు.

కొంచెం దూరంలో ఒక గొర్రె పడుకుని తీరిగ్గా నెమరేస్తోంది. దెబ్బ తగిలి కూలిందనుకున్నాడు డాక్టరు. పరుగున పోయి దాని చంకల కింద చేతులు పెట్టి లేపబోయాడు. అది లేచింది, లేస్తూ లేస్తూ వాడి పొట్టలో ఒక్కటిచ్చింది. డాక్టరు దాని చోట్లో పడుకున్నాడు.

"అమ్మోవ్... నన్నెవరన్నా లేపండ్రా!"

"ఫస్టు నీ ఫోను ఉన్నప్పుడే మామకు ఫోన్ కొట్టు రా," అన్నాడు స్నైపర్, వాణ్ణి లేపుతూ. "అది గొర్రె అయినాక కొట్టలేవు."

కొట్టాను. అవతల బ్యాండు మోత. నా గొంతు వినగానే మామకు అంతా అర్థమైనట్టుంది. "ఎనకాల పడినావా అల్లుడా?" అన్నాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. "ఎక్కడన్నా ఎత్తున ఉంటే..." అని మొదలుపెట్టాడు.

"ఎత్తు ఒద్దు మామా," అన్నాను.

"సరే, ఉన్న చోట్నే నిలబడు. నన్ను స్పీకర్లో పెట్టి ఫోను పైకెత్తు."

ఎత్తాను. పెళ్లి పందిట్లోంచి మామ కూత వచ్చింది. "బుర్ర్ర్ర్... హోయ్! ద్దా... ద్దా... ద్దా ద్దా!" ఆ కూతకు అక్కడ బ్యాండు ఆగిపోయిందని, వడ్డిస్తున్నవాడు కూడా గరిటెతో సహా తిరిగి చూశాడని అత్త తర్వాత ఏడాదిపాటు చెప్పింది. ఇక్కడ మాత్రం కంపల్లోంచి ఒక తల లేచింది. వాగులోంచి రెండు. గుట్ట మీది నుంచి గంట చప్పుడు. మేస్త్రి దిగి వస్తున్నాడు, ఆయన వెనక వరస కట్టి మంద. నేరుగా వచ్చి నా చుట్టూ మూగి, తలలెత్తి ఫోను వైపు చూశాయి. ఇంతింత మనిషి అంత చిన్న పెట్టెలో ఎట్లా పట్టాడా అన్నట్టు. నేను ఎన్ని ఆటలు గెలిచినా నా ఫోనును ఎవరూ అంత భక్తిగా చూడలేదు.

"ఇంక ముందర నడువు అల్లుడా, ఎన..." అంటుండగానే ఫోను చచ్చిపోయింది.

మంద నన్ను చూసింది. నేను మందను చూశాను. ఎర్రటి పొద్దు గుట్ట మీద కూర్చుంది. ఇంక నా గొంతు తప్ప దిక్కు లేదు. "ద్దా," అన్నాను. అది నాకే వినబడలేదు. స్నైపర్ నవ్వు ఆపుకుంటూ అటు తిరిగాడు. ఈసారి సిగ్గు విడిచి, పొట్టలోంచి తీసి, "బుర్ర్ర్ర్... హోయ్! ద్దా ద్దా!" అన్నాను. మేస్త్రి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. చిరిగిన ప్యాంటు కూడా చూశాడనుకుంటాను. నేను వెనక్కి తిరిగి, మందకు వీపు చూపించి నడక మొదలుపెట్టాను.

చూడకుండా నడవడం ఎంత కష్టమో నడిస్తేగానీ తెలియదు. వస్తున్నాయో లేదో తెలియదు. తిరిగితే ఆగిపోతాయి. తిరగకపోతే నేనొక్కణ్ణే కూతలు పెట్టుకుంటూ పిచ్చివాడిలా ఊరు చేరతాను. అప్పుడు అక్కరకొచ్చింది నేను ఆటలో నేర్చిన ఒకే ఒక్క విద్య, అడుగుల చప్పుడు వినడం. చెవులు వెనక్కి పెట్టాను. ముందు గంట వినబడింది. తర్వాత ఎండిన కొయ్యకాళ్ల మీద మెత్తగా, చిటపటమంటూ డెక్కల చప్పుడు, వాన మొదలైనట్టు. ఆటలో వెనక అడుగులు వినబడితే ఒళ్లు జలదరించేది. ఆ సాయంత్రం ఆ చప్పుడు ఆగితేనే భయం వేసింది. చేనికి దోవ తెలియని సంగతి నాకు మధ్యదారిలో గుర్తొచ్చింది. నేను ఆగకుండా కొంచెం నెమ్మదించాను. ఏటా ఆ చేలో పడుకునే మేస్త్రి నన్ను దాటి ముందుకు పోయాడు. ఆయన వెనక నేను, నా వెనక మంద. కూత మాత్రం నేనే పెడుతూ వచ్చాను, పరువు కోసం.

కంప దొడ్డి దగ్గర నాయన, పెదనాయన నిలబడి ఉన్నారు. పెళ్లి భోజనం కూడా సగంలో వదిలి ఆటోలో వచ్చిన మామ వాళ్ల పక్కన ఉన్నాడు. దొడ్డి సందులో నిలబడి, లోపలికి పోయే ఒక్కో జీవం వీపును చేత్తో తాకుతూ లెక్కపెట్టాడు. నేను ఫోనును గుండెకు హత్తుకుని చూస్తున్నాను. చివరిది లోపలికి పోయింది. మామ మొహం ముడుచుకుంది.

"ఎన్ని తగ్గినాయి?" అన్నాడు నాయన.

"తగ్గలే బావా," అన్నాడు మామ. "ఒకటి ఎక్కువొచ్చింది."

నిజమే. గుట్ట అవతలి మందలోది, వీపున ఎర్ర రంగు గుర్తుతో, మా గొర్రెల మధ్య సొంత ఇంట్లో ఉన్నట్టు నిలబడి ఉంది. నాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "తగ్గితే ఏం జెయ్యాల్నో చెప్పినా గానీ," అన్నాడు, "ఎక్కువైతే ఏం జెయ్యాల్నో నేను అనుకోలే."

"నా కూతకైతే నా గొర్రెలే వస్తాయి బావా," అన్నాడు మామ, నా భుజమ్మీద చెయ్యేసి. "పరాయిది గూడా వచ్చిందంటే, అది అల్లుడి కూతకే." తర్వాత నా వెనక్కి చూసి, "ముందు పోయి ప్యాంటు మార్చుకో నాయనా," అన్నాడు.

ఫోను నాకు దక్కింది. మర్నాడు ఆ ఎర్ర గుర్తు గొర్రెను దాని మందకు అప్పజెప్పడానికి నేనే పోయాను, ముందు నడిచి.

ఇప్పుడు మార్కాపురంలో నాకొక సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చే కుర్రాళ్లు, "అన్నా, ఆటలో శ్రీశైలం ఘాటు మీద బస్సు ఎక్కించినా. ఇంక లైసెన్సు ఒకటే తక్కువ" అంటుంటారు. నేను నవ్వను. "అసలు బస్సుకు రివర్సు తీసినావా?" అని మాత్రం అడుగుతాను. నా ఫోనుకు రింగుటోను మామ కూతే, ఒకరోజు అడిగి రికార్డు చేసుకున్నాను. మొన్న దుకాణం ముందు రోడ్డు మీద ఎవరిదో మంద పోతుండగా నా ఫోను మోగింది. "బుర్ర్ర్ర్... హోయ్! ద్దా... ద్దా..." గొర్రెలు పట్టించుకోలేదు, పరాయి కూత కదా. ముందు నడుస్తున్న ముసలి మేకపోతు ఒక్కటే ఆగి, దుకాణంలోకి తొంగి, నన్ను కింద నుంచి పైదాకా చూసింది. తెలియకుండానే నా చెయ్యి ప్యాంటు వెనక్కి పోయింది.

"ఎవురన్నా అది, నా మందను పిలిచేది?" అని అరిచాడు వాటి మనిషి.

"ఎవరూ లేరులే అన్నా," అన్నాను. "ఇంతకుముందు ఇక్కడొక కమాండర్ ఉండేటోడు."